ముందునుంచీ ఉన్న జబ్బు

ముందే చెప్పేస్తున్నాను, ఇది "విదేశాలకి వెళ్ళేటప్పుడు ఇన్సూరెన్సు తప్పకుండా తీసుకోండి" అని బుద్ధులు చెప్పే టపా కాదు. ఆ పని చెయ్యడానికి మీ ట్రావెల్ ఏజెంటున్నాడు, టికెట్ కొనేటప్పుడు వెబ్‌సైటు వాడు చెప్పకుండానే టిక్కు పెట్టేసే గడి ఉంది. నా గొడవ వేరే. అరవయ్యేళ్ళు దాటిన మనిషికి ప్రయాణ బీమా అమ్ముతూ, అందులోనే "ముందునుంచీ ఉన్న జబ్బులకి ఇది వర్తించదు" అని రాసుకోవడం మోసం అంటున్నాను. చట్టం లెక్కలో కాకపోవచ్చు. నా లెక్కలో మాత్రం మోసమే. "వానలో తడిస్తే మాకు సంబంధం లేదు" అని చీటీ అంటించి గొడుగు అమ్మేవాణ్ణి మనం ఏమంటాం?

నేను ఉద్యోగరీత్యా మదీనాలో ఉంటున్నాను. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ నా పని. బిల్లు తయారవడం, ఇన్సూరెన్సు కంపెనీకి వెళ్ళడం, అక్కణ్ణుంచి "సరే" అనో "కుదరదు" అనో తిరిగి రావడం, ఈ తిరగలిలోనే రోజంతా గడుస్తుంది. సాయంత్రం మస్జిదె నబవీ చుట్టుపక్కల ఏ హోటల్ లాబీలో కూర్చున్నా తెలుగు వినపడని రోజుండదు. గుంటూరు, కర్నూలు, కడప, నెల్లూరు, నిజామాబాదు, హైదరాబాదు. వీళ్ళలో ఎక్కువమంది వచ్చేది ఉమ్రాకి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, హజ్ యాత్ర ఏడాదిలో నిర్ణీత రోజుల్లోనే జరుగుతుంది, ఉమ్రా మిగతా రోజుల్లో కూడా చెయ్యొచ్చు. మక్కాలో ఉమ్రా ముగించుకుని, నాలుగువందల యాభై కిలోమీటర్లు బస్సులోనో రైల్లోనో మదీనాకి వస్తారు.

వచ్చేవాళ్ళ వయసు చూడండి. పిల్లల పెళ్ళిళ్ళయి, అప్పులు తీరి, నాలుగు డబ్బులు మిగిలాక బయల్దేరతారు. అంటే అరవై దాటాకే. వాళ్ళ సంచీలో ఆవకాయ సీసా పక్కన మందుల డబ్బా తప్పకుండా ఉంటుంది. బీపీ బిళ్ళ, సుగరు బిళ్ళ, గుండెకి పల్చటి బిళ్ళ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. బీపీ ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళలో మూడోవంతుకి పైనే. ముందునుంచీ ఏ జబ్బూ లేని అరవయ్యైదేళ్ళ ముసలాయన్ని వెతికి పట్టుకుంటే ఆయన్ని మ్యూజియంలో పెట్టొచ్చు.

సరే, వీళ్ళకి ఇక్కడ ఏమవుతుంది? ప్రమాదాలా? 2024 హజ్‌లో మక్కాలో ఎండ 51.8 డిగ్రీలకి వెళ్ళిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు జూన్ 21న మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి చనిపోయిన భారతీయులు 98 మంది. అందులో ప్రమాదాల్లో పోయినవాళ్ళు నలుగురు. మిగతావాళ్ళవి జబ్బులు, దీర్ఘకాలపు జబ్బులు, వయసు, ఇలాంటి కారణాలు. అంటే తొంభై ఎనిమిదిలో నాలుగు! ఇప్పుడు పాలసీ బ్రోషరు తీసి చూడండి. పెద్దక్షరాల్లో ఏముంటుంది? ప్రమాద మరణానికి ఇంత, సామాను పోతే ఇంత, విమానం ఆలస్యమైతే ఇంత. ఆ తొంభై నాలుగు మందికి జరిగినదాని గురించి ఎక్కడుంటుంది? ఇరవయ్యో పేజీలో, "వర్తించనివి" అనే జాబితాలో.

మా వృత్తిలో "హ్యాపీ పాత్" అని ఒక మాటుంది. యూజరు సరిగ్గా టైపు చేస్తాడు, నెట్‌వర్కు పడిపోదు, అన్నీ సజావుగా సాగుతాయి అనుకుని ప్రోగ్రాం రాయడం. అలా రాసినవాణ్ణి కోడ్ రివ్యూలో చీల్చి చెండాడతాం. ఇన్సూరెన్సు అనేదే మొదట్నుంచీ చివరిదాకా ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్. దాన్ని కూడా హ్యాపీ పాత్ కోసం రాసిన ఘనత మనవాళ్ళది.

ఒక ఉదాహరణ చెబుతాను. మా పెద్దమ్మకి అరవయ్యేడేళ్ళు, నరసరావుపేట. పదిహేనేళ్ళుగా షుగరుంది. 2024 డిసెంబరులో ఉమ్రాకి వచ్చింది, తోడుగా వాళ్ళబ్బాయి, మా అన్నయ్య. పాలసీ ఫారంలో "మధుమేహం ఉందా?" అన్నచోట అన్నయ్య నిజాయితీగా "ఉంది" అని రాశాడు, అందుకు ప్రీమియం ఎక్కువ కూడా కట్టాడు. మదీనాలో మూడోరోజు ఫజ్ర్ నమాజు అయ్యాక గుండెలో నొప్పి. అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రిలో చేర్చుకున్నారు, స్టెంటు వేశారు, ఆరోరోజు డిశ్చార్జి చేశారు. ఆసుపత్రి బిల్లుతో మాకు ఇబ్బంది రాలేదు. వీసాతో పాటు వచ్చే సౌదీ బీమా దాన్ని చూసుకుంది (దాని సంగతి కిందకి వస్తాను). అసలు కథ ఆ తర్వాత మొదలైంది. డాక్టరుగారు రెండు వారాలు విమానం ఎక్కొద్దన్నారు. వాళ్ళ గ్రూపు వెళ్ళిపోయింది. రెండు వారాల హోటలు, ఇద్దరికీ కొత్త టికెట్లు, చక్రాల కుర్చీ, మందులు, ఊళ్ళో మూతపడ్డ కిరాణా కొట్టు. కొట్టు నష్టం పక్కనపెట్టినా లక్షా తొంభై వేలయింది. ఇండియాలో కొన్న పాలసీకి క్లెయిము పెడితే నెలన్నరకి జవాబొచ్చింది: గుండెపోటు ముందునుంచీ ఉన్న మధుమేహం పర్యవసానం, కాబట్టి దాని వెంట వచ్చిన ఖర్చులేవీ వర్తించవు.

ఆ కంపెనీ పేరు చెప్పను. చెప్పి లాభం లేదు కూడా, పక్క కంపెనీ కాగితంలోనూ ఇదే వాక్యం దొరుకుతుంది. ఇక్కడున్న ఉచ్చు గమనించండి. జబ్బుందని రాస్తే ప్రీమియం పెంచుతారు, అవసరం పడ్డప్పుడు ఆ జబ్బు పేరే చెప్పి డబ్బు ఎగ్గొడతారు. రాయకపోతే "నిజం దాచారు" అని మొత్తం పాలసీనే కొట్టేస్తారు. బొమ్మ పడితే వాడు గెలుస్తాడు, బొరుసు పడితే మనం ఓడిపోతాం.

"మరి ముందునుంచీ ఉన్న జబ్బులన్నీ కవర్ చేస్తే ప్రీమియం ఆకాశానికి పోదా?" ఇది కంపెనీల వాదన, మనలో చదువుకున్నవాళ్ళు కూడా దీనికే తలూపుతారు. సౌదీ వాళ్ళ ఉదాహరణ చూద్దాం. బయటి దేశాల నుంచి ఉమ్రాకి వచ్చేవాళ్ళకి 2020 నుంచి వీసా రుసుములోనే బీమా కలిపేశారు. ఎవరూ తప్పించుకోవడానికి లేదు. 2023 జనవరి 10 నుంచి దాని ఖరీదు 235 రియాళ్ళ నుంచి 87 రియాళ్ళకి తగ్గించారు. అంటే మన డబ్బుల్లో రెండు వేల చిల్లర. కవరేజి లక్ష రియాళ్ళ దాకా. అప్పట్లో వాళ్ళు ప్రకటించిన జాబితాలో అత్యవసర వైద్యం, ఆసుపత్రిలో చేరడం, కాన్పు, రోడ్డు ప్రమాదం, రోగిని తరలించడం, మృతదేహాన్ని పంపడంతో పాటు డయాలసిస్ కూడా ఉంది. డయాలసిస్ అవసరమైన మనిషికి కిడ్నీ జబ్బు విమానంలో పుట్టలేదు కదా! మరి వాళ్ళకెలా గిట్టింది? అందరూ కడతారు కాబట్టి. పాతికేళ్ళవాడూ కడతాడు, డెబ్భయ్యేళ్ళవాడూ కడతాడు. బీమా అంటే అసలు అర్థమే అది. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి ఏరుకుని అమ్మి, జబ్బున్నవాణ్ణి షరతుల్లో ఇరికించడాన్ని బీమా అనరు.

అలాగని సౌదీ బీమా సర్వరోగ నివారిణి అనుకోకండి. అది అత్యవసరానికే. ప్రాణం నిలబడ్డాక, ఇంటికి చేరేలోపు అయ్యే ఖర్చు దగ్గర మా పెద్దమ్మకి అది అక్కరకి రాలేదు. ఆ మధ్య భాగాన్ని పూడ్చడానికే ఇండియాలో ఇంకో పాలసీ కొంటాం. అదేమో ఆ మధ్య భాగంలోంచే జారుకుంటుంది.

ఇకపోతే ప్రమాదాల సంగతి. అవి తక్కువే అన్నాను. కానీ జరిగినప్పుడు ఏమవుతుందో 2025లో చూశాం. మన టైము ప్రకారం నవంబరు 17న అర్ధరాత్రి దాటాక, మక్కా నుంచి మదీనాకి వస్తున్న బస్సు డీజిలు ట్యాంకరును ఢీకొని కాలిపోయింది. అందులో ఉన్నది 46 మంది, చాలావరకు హైదరాబాదువాళ్ళు. 45 మంది చనిపోయారు. ఒక్క యువకుడు బతికాడు. ఒకే కుటుంబంలో మూడు తరాల వాళ్ళు, పద్దెనిమిది మంది పోయారు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే తప్ప ఎవరెవరో తెలియని పరిస్థితి. తెలంగాణ ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 5 లక్షలు ప్రకటించింది, కుటుంబానికి ఇద్దరు చొప్పున బంధువుల్ని ఇక్కడికి పంపాలని నిర్ణయించింది, మంత్రి అజారుద్దీన్ నాయకత్వంలో ఒక బృందం వచ్చింది. నవంబరు 22న మస్జిదె నబవీలో నమాజు చదివి జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.

ప్రభుత్వం చేసింది మంచి పనే, తప్పు పట్టను. కానీ ఆ 5 లక్షలకి ఏం పేరు పెట్టారో చూడండి. ఎక్స్‌గ్రేషియా. దయతో ఇచ్చేది. బంధువుల ప్రయాణం కూడా దయే. నలభై ఐదుమంది ఒకేసారి పోయారు కాబట్టి, టీవీల్లో వచ్చింది కాబట్టి ఆ దయ దొరికింది. అదే రోజు మదీనాలో ఏ ఆసుపత్రిలోనో ఒంటరిగా పోయిన ఒక్క ముసలామె కొడుక్కి ఎవరు టికెట్ కొంటారు? ఏ మంత్రి వస్తాడు? దయ అనేది ఎప్పుడూ తలల లెక్క చూసుకుని వస్తుంది. హక్కు అలా కాదు, ఒక్కడున్నా రావాలి. పాలసీ అనేది హక్కు కాగితం. దాన్ని హక్కు కాగితంలా రాయండి అనే నేను అడుగుతున్నది.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. గల్ఫ్‌కి కూలి పనులకి వెళ్ళే మనవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో పోతేనో, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనో 10 లక్షలు. మృతదేహం వెంట వచ్చే మనిషి విమాన ఖర్చు కూడా అందులో ఉంది. దాని వైద్యం పరిమితి చాలా తక్కువ, అమలులో లోపాలు లేవని కూడా అనను. కానీ ఒక సంగతి చూడండి. 275 రూపాయల పాలసీకి "వెంట ఒక మనిషి కావాలి" అనే ఇంగితం ఉంది. అంతకి ఎన్నో రెట్లు కట్టించుకునే యాత్రికుల పాలసీకి ఆ మాట ఎందుకు గుర్తుకి రాదు?

సరే, తిట్టడం తేలికే, ఏం కావాలో చెప్పు అంటారా? చెబుతాను.

ఒకటి. అరవై దాటినవాళ్ళకి అమ్మే ప్రతి పాలసీలోనూ ముందునుంచీ ఉన్న జబ్బు ముదిరి అత్యవసరమైతే పూర్తి మొత్తానికి కవరేజి ఉండాలి. "మొత్తంలో పది శాతం దాకా", "ప్రాణాపాయమైతేనే" లాంటి తోకలు వద్దు. ఆ కవరేజి ఇవ్వలేనివాడు అరవై దాటినవాళ్ళకి అమ్మడం మానుకోవాలి.

రెండు. కంపెనీ ఆసుపత్రికి నేరుగా కట్టాలి. ఇక్కడ ఆసుపత్రులకీ ఇన్సూరెన్సులకీ మధ్య వ్యవహారం "నఫీస్" అనే జాతీయ ప్లాట్‌ఫారం మీద నడుస్తుంది. స్థానిక పాలసీకి అనుమతి కంప్యూటర్లోనే అడుగుతారు, కంప్యూటర్లోనే వస్తుంది. మన పాలసీ అయితే ఇంకో దేశంలో ఉన్న సహాయ కంపెనీకి ఫోను చేసి, వాళ్ళు ఇండియాకి మెయిలు కొట్టి, అక్కడ ఆదివారమైతే సోమవారం దాకా ఆగి, గ్యారంటీ లెటరు పంపాలి. ఈలోపు "కట్టేసి రసీదు తెచ్చుకోండి" అంటారు. రసీదు తెచ్చుకోగలిగేంత డబ్బు ఉన్నవాడికి బీమా ఎందుకండీ?

మూడు. కవరేజి డిశ్చార్జితో ఆగకూడదు. డాక్టరు "ఇక విమానం ఎక్కొచ్చు" అని రాసిచ్చేదాకా బస, తిండి, మందులు, మార్చిన టికెట్టు. రోగికీ, తోడున్న ఒక మనిషికీ. ఒంటరిగా వచ్చినవాళ్ళకయితే ఇంటి నుంచి ఒకరు రావడానికి టికెట్టు.

నాలుగు. మరణం విషయంలో మదీనాని మదీనాలాగా చూడాలి. పాలసీల్లో మృతదేహాన్ని స్వదేశం చేర్చడానికి ఇంత అని ఉంటుంది. కానీ ఇక్కడ పోయినవాళ్ళని ఇంటికి తీసుకెళ్ళాలని మావాళ్ళు చాలామంది కోరుకోరు. బఖీలో ఆరడుగుల నేల దొరకడం కంటే భాగ్యం లేదనుకుంటారు. అప్పుడు ఆ డబ్బంతా కంపెనీకి మిగిలిపోతుంది. ఆ మొత్తంతో ఇక్కడే ఖననానికీ, కొడుకో కూతురో వచ్చి పిడికెడు మట్టి వెయ్యడానికీ ఖర్చు పెట్టుకునే వీలు ఉండాలి.

ఐదు. భాష. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పెద్దమ్మకి ఉర్దూ కూడా అంతంతమాత్రం, ఇక అరబ్బీ సంగతి చెప్పక్కర్లేదు. నొప్పి ఎడమవైపు లాగుతోందో, మండుతోందో, పొడుస్తోందో ఆవిడ తెలుగులో తప్ప చెప్పలేదు. ఆ తేడాతోనే వైద్యం మారుతుంది. ఫోన్లో తెలుగు దుబాసీ ఇరవై నాలుగ్గంటలూ ఉండాలి. హైదరాబాదులో కాల్ సెంటర్లకి కరువొచ్చిందా ఏమన్నా? పాలసీ సారాంశం కూడా ఒక పేజీ తెలుగులో, అడక్కుండానే చేతికి రావాలి.

ఇవన్నీ ఎవరు చేయించాలి? ఐఆర్‌డీఏఐ. వాళ్ళకి చేతకాదని కాదు. దేశం లోపలి ప్రయాణాలకి "భారత్ యాత్ర సురక్ష" అని ఒక ప్రామాణిక పాలసీని వాళ్ళే రూపొందించారు. అన్ని కంపెనీలూ ఒకే షరతులతో, ఒకే పేరుతో అమ్మాలన్నది ఆలోచన. విజయవాడ నుంచి వారణాసి వెళ్ళేవాడి కోసం చేసిన ఆలోచన హైదరాబాదు నుంచి మదీనా వెళ్ళేవాడి కోసం ఎందుకు చెయ్యరు? 2024లో ముందునుంచీ ఉన్న జబ్బుల నిబంధనల్ని మామూలు హెల్త్ పాలసీల్లో సడలించారు, నిరీక్షణ గరిష్ఠంగా మూడేళ్ళే అన్నారు. విదేశీ ప్రయాణ పాలసీలని మాత్రం అందులోంచి పక్కకి తప్పించారు. ఆ సంస్థ ఆఫీసు ఎక్కడో ఢిల్లీలో లేదు, హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆ బస్సులో పోయినవాళ్ళున్న ఊళ్ళోనే.

యూరప్ వాళ్ళు 2004 నుంచే షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలన్నారు. వాళ్ళ ఆసుపత్రుల బిల్లులు ఎగిరిపోకుండా వాళ్ళు జాగ్రత్తపడ్డారు. తప్పులేదు. మన మనుషుల కోసం మనం జాగ్రత్తపడేది ఎప్పుడు?

ఇంకో వాదన మా ఇళ్ళల్లోనే వినిపిస్తుంది. "మదీనాలో చావు రాసిపెట్టి ఉంటే అంతకంటే అదృష్టం ఏముంది, ఈ ఇన్సూరెన్సులెందుకు?" అని. ఆ నమ్మకాన్ని నేను వేళాకోళం చెయ్యను, నాకూ ఉంది. కానీ చావు అదృష్టం కావొచ్చు, పక్షవాతం వచ్చి పరాయి దేశంలో మంచాన పడటం అదృష్టం కాదు. కొడుకు చెయ్యిచాచి అప్పులడగడం అసలే కాదు. ముందు ఒంటెని కట్టెయ్యి, తర్వాత దేవుడి మీద భారం వెయ్యి అన్న మాట మావాళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఇది ముసల్మానుల గొడవే అనుకుని ఇక్కడిదాకా చదివి వదిలేసే మిత్రులకి ఒక మాట. మీ అమ్మగారు మనవణ్ణి చూడ్డానికి న్యూజెర్సీ వెళ్ళేటప్పుడు కొన్న పాలసీ తీసి చదవండి. అదే వాక్యం అక్కడా ఉంటుంది. ఊరు మారింది, వాక్యం మారలేదు.

నిబంధనలు మారేదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే, కొనేముందు రాతపూర్వకంగా అడగడం. షుగరున్న మనిషికి గుండెపోటొస్తే ఎంత ఇస్తారు? ఆసుపత్రికి మీరే కడతారా, నేను కట్టి రసీదు తేవాలా? డిశ్చార్జి తర్వాత రోజుకెంత, ఎన్ని రోజులు? తోడున్న మనిషికి ఏముంది? ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, మెయిల్లో జవాబు తీసుకోండి. క్లెయిము కొట్టేస్తే, కంపెనీకి ఫిర్యాదు చేసినా వినకపోతే, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. హైదరాబాదులో ఆఫీసుంది, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వాళ్ళు తేల్చగలరు. అన్నయ్య చేత పెట్టించాను, నడుస్తోంది.

ఈసారి మా అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నకి బీపీ, అమ్మకి షుగరు. ఏజెంటు మూడు పాలసీలు పంపాడు. ముగ్గురికీ పై నాలుగు ప్రశ్నలూ మెయిలు చేశాను. ఇద్దరి దగ్గర్నుంచి రంగురంగుల బ్రోషరు మళ్ళీ వచ్చింది. మూడోవాళ్ళు ఫోన్ చేసి, "సార్, ఇవన్నీ ఎవరూ అడగరు సార్" అన్నారు.

అడగండి.